ఆలస్యంగా వచ్చిన నీలిరంగు

తెనాలి నుంచి రేపల్లె దాకా కాలవల కింద సార్వా పనులు మొదలయ్యాయంటే రైతులు ఒకరినొకరు అడిగే ప్రశ్న ఒకటే: డీఏపీ దొరికిందా? బస్తా మీద 18–46 అని పెద్ద అంకెలుంటాయి. 18 నత్రజని, 46 భాస్వరం లెక్క. అదే భాస్వరం ఆ రైతు కూతురి పదో తరగతి జీవశాస్త్రంలోనూ ఉంటుంది. శ్వాసక్రియ పాఠంలో ఏటీపీ అని వస్తుంది చూడండి, అందులో చివరి అక్షరం ఫాస్ఫేటుదే. చేలో చల్లింది వరి గింజలోకి ఎక్కుతుంది, గింజ అన్నమవుతుంది, అన్నం తిన్నవాళ్ల కండలోకి చేరుతుంది. కండలోకి చేరాక అది ఏ రూపంలో ఉంటుందో, అక్కడ దానికేం పనో తెలియడానికి మాత్రం 1920ల చివరి దాకా పట్టింది. తెలుసుకున్న కొద్దిమందిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆ పేరు తెలుగువాళ్లకు కొత్త కాదు. ఏం కనిపెట్టాడని అడిగితే మాత్రం చాలామంది మందుల జాబితా చదువుతారు. మందుల కథ గొప్పదే, కాదనను. దానికి ఇరవై ఏళ్ల ముందు, ఒక గాజు గొట్టంలో రంగు రావలసినంత తొందరగా రాకపోవడం దగ్గర మొదలైన కథ నాకు ఇంకా ఇష్టం. కణం, శ్వాసక్రియ, మెదడు, హార్మోన్లు అని విడివిడిగా బట్టీ పట్టించే నాలుగు పాఠాల్లోనూ ఈ కథలోని పదార్థమే తిరుగుతూ ఉంటుంది.

ఊపిరి తీయడమంటే లోపల నెమ్మదిగా మంట మండటమేనని కొలిచి చూపినవాడు ఫ్రాన్సుకు చెందిన లావోయిజర్. 1780లలో లాప్లాస్‌తో కలిసి ఒక గినీపందిని, చుట్టూ మంచు కూరిన పాత్రలో కూర్చోబెట్టాడు. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగింది, అది ఎంత బొగ్గుపులుసు వాయువు వదిలింది అని లెక్క తీశాడు. బొగ్గును మండిస్తే వచ్చే లెక్కకు అది దగ్గరగా ఉంది. మరి ఆ మంట ఎక్కడ మండుతోంది? ఊపిరితిత్తుల్లో అనుకున్నారు, కొన్నాళ్లు నెత్తుట్లో అనుకున్నారు. 1870లలో జర్మనీలో ఫ్లూగర్ చేసిన పనితో అది కణజాలంలోనే అని తేలింది.

అక్కడితో చిక్కు వదల్లేదు. మంట ఇచ్చేది వేడి. వేడితో రైలింజను నడుస్తుందేమో గాని చెయ్యి లేవదు, కన్ను రెప్ప వేయదు. ఒళ్లంతా దాదాపు ఒకే వేడిమిలో ఉండే మనిషిలో ఆవిరి యంత్రానికి చోటు లేదు. అన్నంలో ఉన్న శక్తిని అందుకుని కండకు అందించే రసాయనం ఏదో మధ్యలో ఉండి తీరాలి.

భాస్వరం సంగతి మొదట బయటపడింది కల్లు, సారా పులిసే దారిలో. 1906 ప్రాంతంలో లండన్‌లో హార్డెన్, యంగ్ ఈస్టు రసం చక్కెరను పులియబెట్టడం చూస్తున్నారు. కాసేపటికి పులియడం మందగించింది. ఫాస్ఫేటు కలిపితే మళ్లీ ఊపందుకుంది. కలిపిన ఫాస్ఫేటు చక్కెరకు అతుక్కుని కనిపించింది. దాన్ని పెద్ద విషయంగా పట్టించుకున్నవాళ్లు తక్కువ. అందరి చూపూ లాక్టిక్ ఆమ్లం మీదే. అలిసిన కప్ప కండలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుందని 1907లో ఫ్లెచర్, హాప్కిన్స్ చూపారు. ఆ దారిలోనే పనిచేసిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ దక్కింది. కండను ముడిచేది లాక్టిక్ ఆమ్లమే అన్న మాట అప్పటికి దాదాపు పాఠ్యపుస్తకాల మాట అయిపోయింది.

సుబ్బారావు ఈ రంగంలోకి అడ్డదారిన వచ్చాడు. 1895 జనవరి 12న పుట్టాడు. పదమూడేళ్లప్పుడు కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు చేసుకుందామని ఇల్లు వదిలి పారిపోబోతే వెనక్కి పట్టుకొచ్చారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతుండగా గాంధీ పిలుపు విని ఖద్దరు గౌను తొడుక్కుని శస్త్రచికిత్స తరగతికి వెళ్లాడు. ఆ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు కోపం వచ్చింది. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్. అటు ఆయన ఖద్దరు గౌను సంగతి ఇలా ఉంటే, ఇటు మన వైపు 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద చీరాల, పేరాల జనం ఇళ్లు విడిచి ఊరవతల పాకల్లో కాపురం పెట్టారు. బాపట్ల తాలూకా పెదనందిపాడు ఫిర్కాలో రైతులు పన్ను కట్టం పొమ్మన్నారు. ఆ గాలి వీస్తున్న కాలంలో ఒక వైద్య విద్యార్థి డిగ్రీ పోగొట్టుకోవడం చిన్న సంగతిగానే కనబడి ఉంటుంది. ఆ చిన్న సంగతే ఆయన్ను ప్రభుత్వ వైద్యుడు కాకుండా ఆపింది. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పుకుంటూ ఉండి, మామగారి సాయంతోనూ, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోనూ అమెరికా ఓడ ఎక్కాడు.

అంతకు ముందే ఇంట్లో రెండు చావులు చూశాడు. అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక విరేచనాలతో మనిషి ఎండిపోయే జబ్బు అది. దీని సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

బోస్టన్‌లో హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరాడు. మద్రాసు పట్టా అక్కడ వైద్యం చేయడానికి పనికి రాలేదు. రాత్రిళ్లు ఆస్పత్రిలో రోగుల మూత్రపాత్రలు కడిగే పని చేస్తూ చదువుకున్నాడు. డిప్లొమా అయ్యాక అదే విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే దగ్గర చేరాడు.

ఫిస్కే ఇచ్చిన పని పైకి చాలా చప్పగా ఉంటుంది: నెత్తుట్లో, మూత్రంలో, కండలో భాస్వరం ఎంతుందో తొందరగా, ఖచ్చితంగా కొలిచే పద్ధతి కావాలి. ఫాస్ఫేటు ఉన్న ద్రవంలో ఆమ్లం, మాలిబ్డేటు కలిపితే రెండూ జత కడతాయి. దానికి సరైన క్షయకరణి ఒకటి చేరిస్తే ద్రవం నీలంగా మారుతుంది. ఫాస్ఫేటు ఎంత ఉంటే నీలం అంత చిక్కన. తెలిసిన పాళ్లలో చేసుకున్న నీలంతో పోల్చి చూస్తే లెక్క తేలుతుంది. సూత్రం అంతకు ముందు నుంచీ ఉన్నదే. వీళ్లిద్దరూ వెతికి పట్టుకున్న క్షయకరణితో రంగు నిమిషాల్లో వచ్చేది, వచ్చాక నిలకడగా ఉండేది. 1925లో జీవరసాయన పత్రికలో అచ్చయిన ఆ వ్యాసం, శాస్త్ర ప్రపంచంలో అత్యధికంగా ఇతరులు ఉదహరించిన వ్యాసాల్లో ఒకటిగా నిలిచింది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరు ఇప్పటికీ జీవరసాయన ప్రయోగ పుస్తకాల్లో కనబడుతుంది.

అసలు కథ ఆ తర్వాతిది. పిల్లి కండను నూరి, మాంసకృత్తులు తీసేసి, మిగిలిన ద్రవంలో తమ పద్ధతితో భాస్వరం కొలిచారు. నీలం వచ్చింది. కానీ నెత్తుటికి, మూత్రానికి వచ్చినంత వేగంగా రాలేదు. ముందు లేతగా వచ్చి, తర్వాత కొంచెం కొంచెంగా ముదురుతోంది. ప్రయోగశాలలో ఇలాంటివి రోజూ జరుగుతాయి. రసాయనం పాతదేమో, గొట్టం సరిగ్గా కడగలేదేమో అనుకుని చివరి రంగును రాసుకుని ముందుకు పోవచ్చు. చాలామంది అదే చేస్తారు. వీళ్లు ఆ ఆలస్యం దగ్గర ఆగారు.

ఫాస్ఫేటు అంతా విడిగా ఉంటే రంగంతా ఒకేసారి రావాలి. నెమ్మదిగా ముదురుతోందంటే ఫాస్ఫేటు నెమ్మదిగా విడుదలవుతోందన్న మాట. అంటే కండలో అది విడిగా లేదు, దేన్నో పట్టుకుని ఉంది. ఆ పట్టు ఎంత బలహీనమంటే, కొలవడానికి వేసిన ఆమ్లానికే ఊడిపోతోంది. ఇన్నేళ్లుగా కండలో విడి ఫాస్ఫేటు అని అందరూ రాస్తున్నదాంట్లో పెద్ద భాగం, కొలిచేటప్పుడు వాళ్ల చేతుల్లోనే విరిగిన పదార్థం! రంగు ఆలస్యంగా వచ్చే పద్ధతి చేతిలో ఉన్నవాళ్లకు ఇది కనబడే వీలే లేదు. రంగు తొందరగా రావాలని పద్ధతి కట్టుకున్నవాళ్లకే ఆలస్యం కనబడింది.

దేన్ని పట్టుకుని ఉందో వెతికితే క్రియేటిన్ అని తేలింది. ఒక ఫాస్ఫేటుకు ఒక క్రియేటిన్. కండను విద్యుత్తుతో కదిలిస్తే ఆ జంట విడిపోతోంది. విశ్రాంతి ఇస్తే తిరిగి జత కడుతోంది. 1927లో సైన్స్ పత్రికలో ఈ ఫాస్ఫోక్రియేటిన్ సంగతి ప్రకటించారు. అదే ఏడు లండన్‌లో ఎగుల్టన్ దంపతులు కూడా ఇలాంటి పదార్థాన్నే పట్టుకుని ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. అదేమిటో నిర్దిష్టంగా తేల్చింది హార్వర్డ్ వాళ్లు. కబడ్డీ ఆటగాడు కూతకు వెళ్లి ఒక్క ఉదుటున ఎగిరి తిరిగొచ్చేటప్పుడు మొదటి కొద్ది సెకన్లు కండను ఆదుకునేది ఈ నిల్వే. మూడేళ్లకు, 1930లో, డెన్మార్క్‌లో లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా విషంతో ఆపి చూశాడు. అయినా కండ కొంతసేపు ముడుచుకుంది, ఫాస్ఫోక్రియేటిన్ ఖర్చవుతూ వచ్చింది. నోబెల్ అందుకున్న సిద్ధాంతం అక్కడ కూలింది. మేయర్‌హాఫ్ ఆ ఫలితాన్ని ఒప్పుకున్నాడు. పెద్దమనిషి తరహా అంటే అది.

ఈ లోపల సుబ్బారావు, ఫిస్కే కండలో మిగిలిన భాస్వరం పదార్థాలను కూడా ఒక్కొక్కటిగా వేరు చేస్తూ పోయారు. వాటిలో ఒకటి అడెనిన్, ఒక చక్కెర, మూడు ఫాస్ఫేట్లు వరసగా కూడినది. అదే ఏటీపీ, అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్. సైన్స్‌లో వాళ్ల వ్యాసం 1929 అక్టోబరులో వచ్చింది.

ఇక్కడ మనవాళ్లలో కొందరు ఏటీపీని కనిపెట్టింది సుబ్బారావే అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అది సగం నిజం. బెర్లిన్‌లో అదే మేయర్‌హాఫ్ ప్రయోగశాలలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని పట్టుకున్నాడు. అచ్చులో ఆయన వ్యాసమే కొన్ని వారాలు ముందు. రెండు ఖండాల్లో రెండు బృందాలు, ఎవరి దారిన వాళ్లు, ఒకే ఏడాది. హార్వర్డ్ జంటలోనూ పేరు మొదట వేసుకున్నది ఫిస్కే. సుబ్బారావును పొగడటానికి లోమన్ పేరు తుడిచేయాల్సిన అవసరం లేదు, అలా తుడిస్తే పొగడ్తే పలచబడుతుంది. హార్వర్డ్ ఆయనకు చేసిన అన్యాయం వేరే ఉంది. 1930లో పీహెచ్‌డీ ఇచ్చారు, స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. సుబ్బారావు వేరు చేసిన కొన్ని పదార్థాలను ఇతరులు ఏళ్ల తర్వాత మళ్లీ కనిపెట్టుకోవలసి వచ్చిందనీ, ఫిస్కే ఈర్ష్యతో ఆయన పనిని బయటికి రానివ్వలేదనీ, హార్వర్డ్‌లో ఆయన్ను దగ్గరగా చూసిన జార్జి హిచింగ్స్ తర్వాత చెప్పాడు. హిచింగ్స్ 1988లో నోబెల్ పొందినవాడు. ఆయన మాటను తేలిగ్గా తీసేయలేం.

ఏటీపీ దొరికింది సరే, అది చేసే పనేమిటి? వెంటనే తెలియలేదు. 1934లో లోమనే చూపాడు: ఫాస్ఫోక్రియేటిన్ తన ఫాస్ఫేటును ఏటీపీ తయారీకే ఇస్తుందని. అంటే ఫాస్ఫోక్రియేటిన్ నిల్వ, ఏటీపీ వాడకం. 1939లో రష్యాలో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా కండలోని మయోసిన్ ఏటీపీని విరగ్గొడుతుందని కనుక్కున్నారు. 1941లో ఫ్రిట్జ్ లిప్మన్ ఈ ముక్కలన్నీ కలిపి, కండ ఒక్కటే కాదు, ప్రతి జీవకణమూ ఫాస్ఫేటు బంధంతోనే శక్తిని చేతులు మారుస్తుందన్నాడు. గ్లూకోజు పెద్ద నోటు లాంటిది, దాన్ని పట్టుకుని టీకొట్టుకు పోతే చిల్లర లేదంటాడు. కణంలో ఏ పనికైనా చెల్లే చిల్లర ఏటీపీ. ఒక్క గ్లూకోజు అణువు పూర్తిగా దహనమైతే ముప్పై, ముప్పై రెండు దాకా వస్తాయని ఇప్పటి అంచనా. పాత పుస్తకాల్లో చదువుకున్నవాళ్లు 38 అని బట్టీ పట్టి ఉంటారు, ఆ అంకెను ఇక వదిలేయొచ్చు.

చిల్లర మార్చే చోటు మైటోకాండ్రియా. దానికి ఆ పేరు 1898లోనే వచ్చింది గాని, కణశక్త్యాగారం అన్న బిరుదు రావడానికి యాభై ఏళ్లు పట్టింది. ఆక్సిజన్‌తో జరిగే ఏటీపీ తయారీ అక్కడే అని అమెరికాలో కెన్నెడీ, లెనింజర్ చూపింది 1948 ప్రాంతంలో. అది ఎలా జరుగుతుందన్న గుట్టు 1961లో పీటర్ మిచెల్ విప్పబోతే నవ్వినవాళ్లే ఎక్కువ. 1978లో ఆయనకు నోబెల్ ఇచ్చాక నవ్వు ఆగింది. మన ఒంట్లో ఏ క్షణాన చూసినా ఉండే ఏటీపీ చాలా కొద్ది, గ్రాముల్లో చెప్పుకోవలసినంత. విరిగింది విరిగినట్టు మళ్లీ అతుకుతూ ఉండబట్టి, రోజు మొత్తం మీద తయారయ్యేది మన ఒంటి బరువుతో తూగుతుంది. ఊపిరి కొన్ని నిమిషాలు ఆగితే ప్రాణం ఎందుకు పోతుందో దీన్ని బట్టే తెలుస్తుంది: దాచుకున్న చిల్లర అంత తక్కువ.

ముందు దెబ్బ తినేది మెదడు. ఒంటి బరువులో అది రెండు శాతం, తినేది శక్తిలో ఇరవై శాతం. లెక్కలు చేస్తున్నా, నిద్రపోతున్నా ఈ వాటా పెద్దగా తగ్గదు. నాడీకణం ఒక సంకేతం పంపిన ప్రతిసారీ సోడియం లోపలికి, పొటాషియం బయటికి జారతాయి. వాటిని ఎక్కడివక్కడ మళ్లీ సర్దాలి. ఆ సర్దే పంపును 1957లో డెన్మార్క్‌కు చెందిన స్కౌ కనిపెట్టాడు. అది నడిచేది ఏటీపీతో. 1997 రసాయన నోబెల్‌లో ఒక సగం స్కౌకు, రెండో సగం ఏటీపీ తయారయ్యే తీరు తేల్చిన బోయర్, వాకర్‌లకు ఇచ్చారు. ఖర్చుకు సగం, రాబడికి సగం.

హార్మోన్ల పాఠానికి రండి. పరీక్ష హాలు ముందు గుండె దడదడలాడించేది అడ్రినలిన్ అని పిల్లలందరూ రాస్తారు. ఆ అడ్రినలిన్ కాలేయ కణం లోపలికి పోదు, పైపొర దగ్గరే ఆగుతుంది. మరి లోపల గ్లైకోజన్‌ను గ్లూకోజుగా మార్చమన్న కబురు మోసేదెవరు? 1950ల చివర్లో సదర్లండ్ పట్టుకున్న సైక్లిక్ ఏఎంపీ అన్న చిన్న పదార్థం. కణం దాన్ని చేసుకునేది ఏటీపీ నుంచే, రెండు ఫాస్ఫేట్లు తెంచేసి. సదర్లండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. ఎన్నో హార్మోన్ల కబుర్లు ఈ దారినే కణంలోకి చేరతాయి. నాలుగు పాఠాలూ ఒకే పదార్థం చుట్టూ తిరుగుతాయని మొదట్లో అన్నది ఇందుకే.

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగంలో చేరాడు. అక్కడ ఎనిమిదేళ్లలో జరిగింది చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. మన హైస్కూళ్లలో వారానికోసారి పిల్లలు మింగే నీలిరంగు మాత్రలో ఇనుముతో పాటు ఉండేది అదే. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమినోప్టెరిన్‌తో 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ చిన్నపిల్లల రక్త క్యాన్సర్‌ను మొదటిసారి కొంతకాలం నిలువరించాడు. దాని దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. కోస్తా జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచుతూ వచ్చిన డీఈసీ మాత్ర కూడా ఆ ప్రయోగశాలదే, హెట్రజాన్ పేరుతో 1947లో వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను అక్కడే డగ్గర్ మట్టి సూక్ష్మజీవి నుంచి తీశాడు. అన్నదమ్ములను మింగిన స్ప్రూ గుర్తుందా? ఆ జబ్బుకు నేటికీ ఇచ్చే చికిత్స టెట్రాసైక్లిన్, ఫోలిక్ ఆమ్లం. రెండూ ఆయన నడిపిన ప్రయోగశాల నుంచే వచ్చాయి.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే పోయాడు. అమెరికా వెళ్లాక మళ్లీ ఇంటి ముఖం చూడలేదు. తపాలా శాఖ ఆయన బిళ్ల వేసింది శతజయంతి ఏడాది 1995లో.

మన ఊళ్లలో ఆయన్ను తలుచుకోవడానికి విగ్రహాలకన్నా మంచి చోటు ఒకటుంది. అది 1945లో పెట్టిన బాపట్ల వ్యవసాయ కళాశాల. వ్యవసాయ విద్యార్థులు మట్టిలో పంటకు అందే భాస్వరం కొలవడానికి వాడేదీ మాలిబ్డినం నీలమే. క్షయకరణి వేరు కావచ్చు, నీలం అదే. రైతు చేనుకు ఈసారి డీఏపీ ఎంత అవసరమో చెప్పేది ఆ రంగు.

కాబట్టి తెనాలి, బాపట్ల, రేపల్లె సైన్సు మాస్టార్లకూ టీచర్లకూ ఒక విన్నపం. పిల్లల ప్రాక్టికల్ రికార్డులో రంగు వచ్చిందా, రాలేదా అని రాసే గడి ఒక్కటే ఉంటుంది. దాని పక్కన, ఎంతసేపటికి వచ్చిందో రాసే గడి కూడా గీయించండి. అయోడిన్ చుక్క వేసి గంజి పరీక్ష చేసే ఆరో తరగతి నుంచే మొదలుపెట్టొచ్చు. ఎవరి గొట్టంలోనైనా రంగు ఆలస్యంగా వస్తే, తప్పు చేశావని సున్నా వేసే ముందు, ఎందుకు ఆలస్యమైందో ఆ పిల్లనే అడగండి.